ఊహలకు అదుపు కావాలి

ఊహకు శక్తి ఉందా లేదా అన్న చర్చ ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఎప్పుడో ముగిసింది. ఉంది. ఆ శక్తి ఎక్కడపడితే అక్కడ పారకుండా ఆపడం ఎట్లా అన్నదే ఇప్పుడు తేల్చవలసిన సంగతి. కరెంటుకు ఫ్యూజు ఉంది, చెరువుకు మత్తడి ఉంది. ఊహకు మాత్రం ఏ ఏర్పాటూ లేక ఈ జిల్లా ఇప్పటికే బాగా దెబ్బతిన్నది.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఏమైందో చూడండి. వినోబా భావే ఊరికి వచ్చారు. దళితులు భూమి కావాలన్నారు. ఎంత అంటే 80 ఎకరాలు అన్నారు. పద్ధతి తెలిసిన మనిషి అక్కడ ఒక్కడున్నా దరఖాస్తు రాయించి, రెండు ఫొటోలు, పహాణీ నకలు జతచేయించి, అభ్యంతరాలకు గడువు పెట్టేవాడు. వినోబా అదేమీ చేయకుండా ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని అడిగేశారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికి 20 ఎకరాలు ఎక్కువ! ఆడిట్‌లో ఇది నిలుస్తుందా? ఆ ఒక్క మాటకు వినోబా భూమి దానం అడుగుతూ ఏళ్ల తరబడి దేశమంతా నడవాల్సి వచ్చింది, ఊరి పేరు ముందు భూదాన్ అని చేరింది. ఆ తర్వాత దేశంలో దానంగా వచ్చిన భూముల్లో కొన్ని రాళ్లగుట్టలని తేలి, కొన్ని వ్యాజ్యాల్లో చిక్కి, కొన్ని పంచకుండానే మిగిలిపోయాక గానీ వ్యవస్థ ఊపిరి పీల్చుకోలేదు.

ఆలేరు దిక్కు జరిగింది ఇంతకన్నా ఘోరం. చిటికి చీరకు, అంటే పోచంపల్లి ఇక్కత్ చీరకు, రంగు మగ్గం మీద పడదు, నేయకముందే దారానికి పడుతుంది. అందుకోసం పేక దారాన్ని ముందుగా ఆసు పోయాలి. చట్రానికి ఒక చివర ఒకటే కొయ్య ఉంటుంది, రెండో చివర అర్ధచంద్రాకారంలో కొయ్యల వరుస ఉంటుంది. దారం పట్టుకున్న చెయ్యి ఈ కొయ్య నుంచి ఆ కొయ్యకు, మళ్లీ వెనక్కు, ప్రతిసారీ దాదాపు మీటరు దూరం పోయి వస్తుంది. ఒక చీరకు ఇట్లా 9000 సార్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఒక్క కొయ్య తప్పినా దారాల వరుస చెదురుతుంది. తర్వాత బొగ్గుతో గీసే గీతలు, రబ్బరు పట్టీలతో కట్టే ముడులు, అద్దే రంగు అన్నీ ఆ తప్పు మీదనే నిలబడతాయి. కాబట్టి చెయ్యి ఎంత గుంజినా కన్ను మాత్రం పక్కకు పోకూడదు. ఈ పని ఇంటి ఆడవాళ్లది. కరెంటు అక్కరలేదు, చప్పుడు లేదు, కూలి లెక్క లేదు. భుజం ఒక్కటే అరుగుతుంది. ఇంత చక్కగా నడుస్తున్న ఏర్పాటును ఎవరైనా కదిలిస్తారా?

చింతకింది మల్లేశం కదిలించారు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి ఈ పని యంత్రంతో చేయించాలనుకున్నారు. ఆరో తరగతితో బడి మానినవారు కావడంతో, ఇది అయ్యే పని కాదని చెప్పగల నిపుణుల చేతికి ఆయన చిక్కలేదు. యంత్రం మూడు పనులు నేర్వాలి: దారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకుపోవాలి, కొయ్య చుట్టూ తిప్పాలి, తిప్పాక పక్క కొయ్యకు జరగాలి. మనిషి చెయ్యి ఈ మూడింటినీ ఆలోచించకుండా ఒకే ఊపులో చేస్తుంది. ఇనుముకు ఒక్కొక్కటీ విడిగా చెప్పాలి, ఒకదాని వేళ ఇంకొకదానికి కుదిరేలా చెప్పాలి. 1992లో మొదలుపెడితే 1999కి పూర్తయింది. ఇప్పుడు ఒక చీర ఆసుకు గంటన్నర చాలు.

ఈ ఉదంతంలోని లోపాలు పాఠకులు గమనించే ఉంటారు. ఏడేళ్లలో ఒక్క సదస్సు లేదు. లోగో లేదు. జ్యోతి ప్రజ్వలన లేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు, చెయ్యి ఎన్నిసార్లు పోయి వస్తుందో, ఎక్కడ ఆగుతుందో ముందుగానే చూసుకుని తర్వాత ఊహించడం. ఊహ ముందు రావాలి, లెక్క తర్వాత రావాలి, వీలైతే అసలు రాకూడదు. 2017లో పద్మశ్రీ ఇచ్చి ఈ వ్యవహారాన్ని మర్యాదగా ముగించడం దేశం చేసిన మంచి పని.

ఇట్లాంటి జిల్లాలోనే అదుపు ఎట్లా ఉండాలో చూపించే మంచి నమూనా కూడా ఉంది. అదే మన ఊరి పేరు పెట్టుకున్న నల్లగొండ టెక్నిక్. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందంటే పిల్లల పండ్లకు గారలు మొదలవుతాయి. ఇంకా పెరిగితే ఏళ్ల మీద కీళ్లు పట్టుకుపోతాయి, ఎముకలు వంగుతాయి. కాచి తాగితే పోతుందని కొందరి నమ్మకం. కాస్తే పోయేది నీళ్లు. ఫ్లోరైడ్ గిన్నెలోనే కూర్చుని చిక్కబడుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో దీనికి మందు చెప్పారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. అన్నీ కొట్లో దొరికేవే, అక్కడే మోసం ఉంది.

40 లీటర్ల బకెట్ తీసుకుని, అడుగుకు రెండంగుళాల పైన కుళాయి బిగించాలి. అడుగునే బిగిస్తే పేరుకున్న మడ్డి కూడా గ్లాసులోకి వస్తుంది. సున్నం, బ్లీచింగ్ కలిపాక పటిక వేయాలి. సున్నం పటికలో ఇరవయ్యో వంతు ఉంటే చాలు. మొదట వడిగా, తర్వాత పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. బిరబిరా తిప్పుతూనే ఉంటే దూదిపింజల్లా కట్టిన తెట్టు చెదిరిపోతుంది, ఇక అడుగుకు దిగదు. దిగడానికి గంట ఆగాలి. ఆ తర్వాతే కుళాయి తిప్పాలి.

పటిక ఎంత వేయాలన్న దగ్గర కథ మొదలవుతుంది. అది నీళ్లలోని ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారతను బట్టి మారుతుంది. ఈ వాడ బోరుకు సరిపోయిన కొలత పక్క వాడ బోరుకు పనికిరాదు. తక్కువైతే ఫ్లోరైడ్ ఉండిపోతుంది, ఎక్కువైతే నీళ్ల రుచి మారి అల్యూమినియం మిగులుతుంది. కొలత తెలియాలంటే నీళ్లు పరీక్షకు పంపాలి. ఫలితం వచ్చేనాటికి వేసవి వచ్చి బోరు ఇంకా లోతుకు దింపుతారు, నీళ్లే మారిపోతాయి. అడుగున మిగిలిన మడ్డిలో ఉన్నది, నీళ్లలోంచి తీసిన ఆ ఫ్లోరైడే. దాన్ని దూరంగా పూడ్చాలి. పెరట్లో పారబోస్తే తిరిగి భూమిలోకే దారి చూసుకుంటుంది.

ఇదంతా రోజూ చేయాలి. ఎవరు? బోరింగు కొట్టి బిందె మోసుకొచ్చిన మనిషే. శాస్త్రం అంతా రాసిపెట్టింది గానీ, తిప్పే చెయ్యి ఎవరిదో ఎక్కడా రాయలేదు. దీన్నే అదుపు అంటారు. టాంజానియాలో అక్కడి నీళ్లకు తగ్గట్టు 20 లీటర్ల బకెట్‌కు 12.8 గ్రాముల పటిక, 6.4 గ్రాముల సున్నం అని కొలిచి చూశారు. నల్లగొండ పేరు ఆఫ్రికాలో కూడా వినబడింది. ఇక్కడి పల్లెలు మాత్రం కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చేదాకా బోరింగు దగ్గరే వరుసలో నిలబడ్డాయి.

ఇప్పుడు ఆలోచనల వర్క్‌షాపుల కాలం కాబట్టి, నిర్వాహకులకు కొన్ని సూచనలు. పిల్లల్ని ఆరుగురేసి గుంపులు చేయండి. గుంపుకొక చార్టు, రెండు స్కెచ్ పెన్నులు ఇవ్వండి, ఒకటి ఎండిపోయినదైతే మేలు. చీటీల మీద ఆలోచనలు రాయించి గోడకు అంటించండి. ఇక్కడి ఎండకు ఆ జిగురు పది నిమిషాలు నిలవదు, ముఖ్య అతిథి వచ్చాక ఫ్యాను మూడో నంబరులో పెడితే మిగిలినవీ రాలుతాయి. ఊడ్చి పెట్టెలో వేసి తాళం పెట్టండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో మినిట్స్‌లో రాయకండి. ఆలోచన చెప్పడానికి మూడు నిమిషాలు, శాలువాలకు నలభై నిమిషాలు.

ఫ్లెక్సీ విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. పన్నెండుకు ఎనిమిది అడుగులు ఉండాలి. నడుమ వెలుగుతున్న బల్బు, కింద 'ఆలోచనే మార్పు', చుట్టూ ఫొటోలు. ఎవరి ఫొటో ఎవరి పైన ఉండాలో ముందే తేల్చుకోండి, ఇందులో ఊహకు తావివ్వకండి. కట్టే ముందు జానెడు జానెడు దూరంలో అర్ధచంద్రాకారంగా కోతలు పెట్టాలి. లేకపోతే గాలి పోయే దారిలేక ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి కర్రల్ని పీకేస్తుంది.

మీటింగ్ అయ్యాక ఫ్లెక్సీకి గిరాకీ ఎక్కువ. ఏప్రిల్‌లో యాసంగి వడ్లు కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో కుప్పలుగా పడి ఉంటాయి. సంచులు రావాలి, లారీ రావాలి, తేమ 17 శాతం దాటకూడదు. టార్పాలిన్ అందరికీ దొరకదు. రాత్రి మబ్బు పడితే రైతు ఫ్లెక్సీ కప్పి, అంచులకు రాళ్లు పెట్టి పడుకుంటాడు. పొద్దున మీటరు పెడితే 21 చూపిస్తుంది. గాలి పోవడానికి పెట్టిన కోతల్లోంచే వాన దిగి ఉంటుంది, బల్బు బొమ్మ కింద వడ్లు ముద్దముద్దయి ఉంటాయి.

వచ్చేసారి కోతలు లేకుండా కొట్టించరాదా సారూ అని ఆ రైతు అడిగితే తొందరపడి జవాబు చెప్పకండి. అది కూడా ఆలోచనే గనుక చీటీ మీద రాసి పెట్టెలో వేయమనండి.