ఇల్లరికపు అల్లుళ్ల సామ్రాజ్యం

లాటిన్ అమెరికాలో కొద్ది కుటుంబాల చేతిలోనే అంత భూమి ఎలా పోగుపడింది? ఈ ప్రశ్నకు జవాబును ఆ నేలను జయించిన స్పానిష్ సేనానులు కోర్టెస్, పిజారోల కత్తుల దగ్గర మొదలుపెట్టడం మనకు అలవాటు. కత్తి భూమిని తెచ్చి ఉండొచ్చు. తరాలు దాటించింది మాత్రం పెళ్లి సంబంధాలే.

ఉత్తర మెక్సికోలోని కోవావీలానే తీసుకోండి. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కో ఉర్దిన్యోలా కలిగినింటి పిల్ల లియోనోర్‌ను చేసుకుని నిలదొక్కుకున్నాడు. ఆమెను చంపాడన్న కేసు మీద పడినా బయటపడి గవర్నరయ్యాడు. ఆ తర్వాత ఆస్తి ఆడపిల్లల వెంటే నడిచింది. ఆ వంశపు ఫ్రాన్సిస్కా భర్త అగుస్టిన్ ఎచెవెర్స్ స్పెయిన్‌లోని నవార్రా నుంచి వచ్చి, 1682లో అగువాయో మార్క్విస్ అనే ప్రభు బిరుదు పొందాడు. వాళ్ల కూతురు ఇగ్నాసియాకు మూడో భర్త హోసె అస్లోర్, స్పెయిన్‌లోని ఆరగాన్ వాడు. భార్య వల్లే మార్క్విస్ అయ్యాడు. 1719లో కోవావీలా, టెక్సాస్‌లకు గవర్నరూ అయ్యాడు. మన లెక్కలో అందరూ ఇల్లరికపు అల్లుళ్లే!

స్పానిష్ చట్టంలో కూతురికీ వాటా ఉంది. కట్నం భర్త అజమాయిషీలో ఉన్నా హక్కు భార్యదే. అందుకే సంబంధం కలుపుకోవడమంటే ఆస్తి కలుపుకోవడమే. వాటాలతో ఎస్టేటు చీలిపోకుండా బంధువుల్లోనే పెళ్లిళ్లు చేసేవారు. స్తోమతున్నవాళ్లు మొత్తం ఒకే వారసుడికి దక్కేలా మయోరాస్గో రాయించుకునేవారు. స్పెయిన్ రాజుకూ ఈ సంగతి బాగా తెలుసు. వైస్రాయ్‌లు, న్యాయమూర్తులు, వాళ్ల పిల్లలు ఉద్యోగం చేసేచోట అనుమతి లేకుండా పెళ్లి చేసుకోకూడదని రెండో ఫిలిప్ 1575లోనే ఆజ్ఞ ఇచ్చాడు. తర్వాత ఖజానా ఖాళీ అయ్యేసరికి ఆ అనుమతులనే అమ్ముకున్నారు!

వెండి గనులు, ఆదివాసుల వెట్టిచాకిరీ లేకుండా ఈ సంపద ఎక్కడిదని కొందరి వాదన. నిజమే, పుట్టింది అక్కడే. అయితే గని ఎండిపోయాక కూడా ఎవరు మిగిలారన్నదే నా ప్రశ్న.

స్వాతంత్ర్యం వచ్చాక 1823లో మెక్సికో మయోరాస్గోలను రద్దు చేసింది. కుటుంబాలను ఎవరు రద్దు చేయగలరు? 1840లో అగువాయో ఎస్టేటును సాంచెస్ నవార్రో కుటుంబం కొన్నది. 1765లో ఈ కొన్న కుటుంబం తరఫున భూముల కొనుగోళ్లు మొదలుపెట్టిన వాడు ఒక చర్చి ఫాదర్. పెళ్లాంపిల్లలు లేకపోయినా తోబుట్టువుల పిల్లల తరం ఉంది కదా. వాళ్ల భూమి సుమారు 65,000 చదరపు కిలోమీటర్లకు చేరింది, అంటే తెలంగాణలో సగానికి పైనే. ఫ్రాన్స్ మెక్సికోలో గద్దెనెక్కించిన చక్రవర్తి మాక్సిమిలియన్ పక్షాన నిలిచారని 1866లో అధ్యక్షుడు హువారెజ్ ప్రభుత్వం ఆ ఎస్టేటును జప్తు చేసింది.

భూసంస్కరణలన్నీ హెక్టార్లు కొలుస్తాయి, చుట్టరికాలు కొలవవు. ఉర్దిన్యోలా నాటి పార్రాస్ పట్టణంలోనే తర్వాత వైన్, పత్తి సొమ్ముతో మదేరో కుటుంబం ఎదిగింది. 1911లో విప్లవం పేరుతో అధ్యక్షుడైన ఫ్రాన్సిస్కో మదేరో ఆ ఇంటి మనవడే.