పేరు మాకు, పెరడు నీకు: పెరటి రైలుకి బహిరంగ లేఖ

ఏమే పెరటి రైలూ, క్షేమమేనా? నువ్వు ఊరెళ్ళవు, చుట్టాల్ని దింపవు, చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి కూత పెడతావు, దానికే ఆ డిస్నీ స్టూడియోలో చెయ్యి తిరిగిన యానిమేటర్లు పెన్సిల్ పక్కనపడేసి నీ చక్రాలకి నూనె రాస్తూ కూర్చున్నారంటే నీ దగ్గర ఏం మందుందో నాకైతే అర్థం కాదు.

వార్డ్ కింబాల్ సంగతే చూడు. ‘పినోకియో’ సినిమాలో జిమినీ క్రికెట్ అనే కీచురాయికి రూపం ఇచ్చిన మనిషి. కాలిఫోర్నియాలో శాన్ గాబ్రియేల్‌లో ఇల్లు, ముందు ఒక పాత రైలు పెట్టె కొన్నాడు, నాడా దొరికిందని గుర్రం కొన్నట్టు 1938లో 1881 నాటి బాల్డ్విన్ కంపెనీ ఆవిరి ఇంజన్ కూడా కొనేశాడు. బొమ్మది కాదండోయ్, నిజంది! పెరట్లో పట్టాలు, దానికి గ్రిజ్లీ ఫ్లాట్స్ రైల్‌రోడ్ అని బోర్డు. ఇంకో యానిమేటర్ ఆలీ జాన్‌స్టన్ కాస్త నయం, పన్నెండో వంతు సైజుతో సరిపెట్టుకున్నాడు, అదీ మొదట్లోనే లే.

వీళ్ళని చూసి ఓనరు గారికీ అంటుకుంది. 1948లో కింబాల్‌ని వెంటేసుకుని చికాగో రైల్‌రోడ్ ఫెయిర్‌కి వెళ్ళొచ్చాక వాల్ట్ డిస్నీ ఇంటి వెనక అర మైలు పట్టాలు వేయించాడు, గార్డు పెట్టె సొంతంగా చేశాడు, లోపల బుల్లి పొయ్యితో సహా. భార్య లిలియన్ గారి పూలమొక్కలు అడ్డొస్తే ఏం చేశాడు? వాటి కింద 90 అడుగుల సొరంగం తవ్వించాడు, అదీ తిన్నగా కాదు, మెలికలు, లోపలికెళ్తే అవతలి వెలుగు కనపడకూడదట. పైగా రైలు దారికి హక్కు ఇస్తున్నట్టు పెళ్ళాం పిల్లల చేత దస్తావేజు మీద సంతకాలు! మన దగ్గర అన్నదమ్ములే రాసుకోరు అంత పక్కాగా.

మరి ఆవిడకేం దక్కింది అంటే ఇంజన్‌కి లిల్లీ బెల్ అని పేరు. ఆలీ తర్వాత నిజం సైజు ఇంజన్ కొని భార్య పేరు మీద మేరీ ఇ అన్నాడు. కింబాల్ రెండో ఇంజన్‌కి కూతురు క్లోయీ పేరు. బాగుంది తల్లీ నీ లంచం, పేరు మాకు, పెరడు నీకు.

1953లో బండి పడి ఆవిరికి ఓ చిన్నపిల్లకి కాలింది, వాల్ట్ ఆపేశాడు, అది మాత్రం మంచి పని. ఆపాడా అంటే మళ్ళీ 1955లో డిస్నీల్యాండ్ చుట్టూ ఇంకా పెద్ద పట్టాలేసి ఈసారి జనం చేత టికెట్ కొనిపించాడు.

ఆ మేరీ ఇ ఇప్పుడు ఇంకో యానిమేషన్ డైరెక్టర్ జాన్ లాసెటర్ ద్రాక్షతోటలో, అదే పేరుతో తిరుగుతోందిట. ఆ ఇంట్లో ఆవిడ చేత సంతకం పెట్టించారా లేదా, కనుక్కుని రాయి.

ఇట్లు,
బాల్కనీలో నాలుగు కుండీలున్న ఒక ఇల్లాలు