సవరణ: కారు గేరుబాక్సు దగ్గర రాపిడి శబ్దం

క్లచ్ తొక్కగానే శబ్దం ఆగిపోతే రిలీజ్ బేరింగ్ (తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కి విడదీసే బేరింగ్) మార్చాలని ఇంతకుముందు పోస్టులో ఉంది. అది తప్పు, అసలు సంగతి దానికి తలకిందులు. న్యూట్రల్‌లో కాలు తీసినప్పుడు మోగి, తొక్కితే ఆగేది ఎక్కువగా గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజను తిప్పుడును గేరుబాక్సులోకి తెచ్చే కడ్డీ) బేరింగ్. తొక్కినప్పుడే మోగేది రిలీజ్ బేరింగ్.

క్లచ్‌తో సంబంధం లేకుండా రాసుకుంటుంటే గేరుబాక్సు దించకండి. ఖాళీ రోడ్డు మీద 30 కి.మీ. వేగంలో న్యూట్రల్‌కి వేసి వినండి. ఇంజను వేగం పడిపోయినా చప్పుడు చక్రాలతోనే సాగితే డ్రైవ్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ), వీల్ బేరింగ్, బ్రేకు డస్ట్ షీల్డ్ (బ్రేకు డిస్కు వెనకుండే పల్చటి రేకు) చూడాలి. బండి నిలిపి ఆక్సిలరేటర్ నొక్కినప్పుడు కూడా మోగితే సైలెన్సర్ హీట్ షీల్డ్ (వేడిని అడ్డుకునే రేకు) మీద అనుమానం.

చెన్నైలో వానాకాలం తర్వాత ముందు చూడాల్సింది ఇంజను కింది ప్లాస్టిక్ కవరు. వేళచ్చేరి లాంటి చోట్ల నిలిచిన నీళ్ళలో వేగంగా పోతే నీటి తోపుకి క్లిప్పులు ఊడి, కవరు జారి డ్రైవ్ షాఫ్ట్‌కి తగులుతుంది. తగిలినచోట కవరు మీద మెరిసే గీత పడుతుంది. కొత్త క్లిప్పులు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దొరుకుతాయి.

హీట్ షీల్డ్ బోల్టు రంధ్రం తుప్పుకి పెద్దదైతే వెడల్పాటి స్టీలు వాషర్ చాలు. ప్లాస్టిక్ టై మాత్రం కట్టొద్దు, వేడికి కరిగిపోతుంది. సైలెన్సర్ చల్లారాకే చెయ్యి పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి, బండి బరువు మోసే స్టాండ్లు తప్పనిసరి.