డబ్బా మూత వెనకే పాస్‌వర్డ్

గాలి, నీరు కొలిచే సెన్సార్లకు ఎన్‌క్రిప్షన్ (అంకెల్ని దారిలో ఎవరూ చదవకుండా రహస్య సంకేతాలుగా మార్చి పంపే పద్ధతి) ఉంటే భయం లేదని కొందరు అంటుంటారు. నాకంత నమ్మకం లేదండీ.

చైనాలోని షియాన్‌లో 2016లో ఏం జరిగింది? పర్యావరణ శాఖ సిబ్బందే గాలి నాణ్యత కేంద్రం తాళంచెవికి నకలు చేయించుకుని, కంప్యూటర్ పాస్‌వర్డ్ కంఠతా పట్టి, లోపలికి దూరి సెన్సార్ గాలి పీల్చేచోట నూలు కుక్కారు. కాలుష్యం కాగితం మీద తగ్గిపోయింది! మరుసటి ఏడాది జైలుశిక్షలు పడ్డాయనుకోండి. కానీ అలాంటి తప్పుడు అంకెను ఎన్‌క్రిప్షన్ ఏం చేస్తుంది? భద్రంగా సర్వర్‌కి చేరుస్తుంది, అంతే.

2018లో ఐబీఎం, త్రెట్‌కేర్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు స్మార్ట్ సిటీ పరికరాల్లో 17 లోపాలు బయటపెట్టారు. అందులో కంపెనీ ముందే పెట్టిచ్చే, అందరికీ తెలిసిన డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లూ ఉన్నాయి.

మా రొయ్యల చెరువు గట్టు మీది ఆక్సిజన్ సెన్సార్‌దీ అదే కథ. డబ్బా మూత వెనక స్టిక్కర్: అడ్మిన్, 1234. బిగించిన కుర్రాణ్ని అడిగితే, "మారిస్తే మీరే మర్చిపోతారండీ, మళ్లీ నేనే రావాలి" అన్నాడు. ఆక్సిజన్ పడిపోయినా బాగానే ఉందని చూపిస్తే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరగవు. తెల్లారేసరికి సరుకంతా పోతుంది. ఆ టెన్షన్‌తోనే ఇప్పటికీ రాత్రి రెండింటికి లేచి, చేతి మీటరు పట్టుకుని గట్టు మీదికి వెళ్తున్నాను.