నవ్వు ఒక్కటే కోసి పెడితే ఎలా?

'హూజ్ లైన్ ఈజ్ ఇట్ ఎనీవే' అనే టీవీ కామెడీ షోలోంచి నవ్వుల ముక్కలు ఏరి కూర్చిన బెస్ట్ ఆఫ్ స్పెషల్‌ను మీ వ్యాసం ఆకాశానికెత్తింది. నాకూ ఆ షో అంటే ప్రాణం, కానీ ఇక్కడ ఒప్పుకోలేను. 1988లో బ్రిటన్‌లో ఛానల్ 4 టీవీకి ఎక్కి, 1998లో డ్రూ కేరీ హోస్ట్‌గా అమెరికా చేరిన ఈ షోకి స్క్రిప్టు ఉండదు. ప్రేక్షకులు ఓ మాట అరుస్తారు, సీను అక్కడే పుట్టాలి. ఆ మాట విన్న క్షణంలో నటుడు ర్యాన్ స్టైల్స్ ముఖంలో కనిపించే టెన్షనే సగం మజా. బెస్ట్ ఆఫ్ అనగానే మొదట కత్తెర పడేది దానికే!

మా కోనసీమలో అవధానం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అప్రస్తుత ప్రసంగి వేసిన కొంటె ప్రశ్న తీసేసి, అవధాని జవాబు ఒక్కటే వినిపిస్తే ఎవరు నవ్వుతారు? తిరుపతి వేంకట కవులు పుట్టిన గోదావరి జిల్లాల వాళ్లం, ఈ మాట గట్టిగానే చెప్పగలం.

ఫిట్‌నెస్ గురువు రిచర్డ్ సిమన్స్ అతిథిగా వచ్చిన 'లివింగ్ సీనరీ' ఆట మాత్రం ఎన్నిసార్లు వేసినా చూస్తాను. ఆయనా, షో నటుడు వేన్ బ్రాడీ సీనులోని వస్తువులైపోతే, వాళ్లను వాడుకుంటూ ర్యాన్, మరో నటుడు కాలిన్ మోక్రీ నటించాలి. అబ్బ, ఏం నవ్వులండీ!

అప్పటికప్పుడు కట్టే పాటల్లో నాది వేన్ బ్రాడీ పార్టీ. 2003లో ఎమ్మీ టీవీ అవార్డు ఆయనకి ఊరికే రాలేదు. స్పెషల్‌లో ఆయన పాట ఒక్కటైనా పియానో మొదలైన దగ్గర్నుంచి పూర్తిగా వేయాలి. అలాగే తుస్సుమన్న సీన్లు కూడా రెండు మూడు ఉంచాలి. జోకు పేలనప్పుడు కాలిన్ బిక్కమొహం వేసి, దాంతోనే నవ్వించేస్తాడు. నాకు ఆ షోలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.