అధికారం మీది, తాళాలు మావి

ఇంగ్లండ్‌లో నగరాలకు అధికారాలు ఇవ్వడం లేదని గగ్గోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఇవ్వకపోవడమేమిటండీ, యాభై ఏళ్లుగా లండన్ ప్రభుత్వాలు చేస్తున్నదే అది కదా: ఇవ్వడం, లాక్కోవడం, పేరు మార్చి మళ్లీ ఇవ్వడం. ఒకే వస్తువును ఇన్నిసార్లు దానం చేసిన దాత లోకంలో ఇంకొకరు ఉన్నారా? అంతటి దానగుణానికి జరుగుతున్న అన్యాయాన్ని ఎవరో ఒకరు ఖండించాలి కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

1974లో మాంచెస్టర్, లివర్‌పూల్, బర్మింగ్‌హామ్, లీడ్స్, షెఫీల్డ్, న్యూకాజిల్‌లను వాటి చుట్టుపక్కల ఊళ్లతో కలిపి ఆరు మెట్రోపాలిటన్ కౌంటీలు చేశారు. జనం పొద్దున్నే పనికెళ్లి సాయంత్రం తిరిగొచ్చే ప్రాంతమంతా ఒకే కౌన్సిల్ కింద ఉంటే రోడ్లూ బస్సులూ కలిపి చూసుకోవచ్చని. ఆలోచన బాగానే ఉంది, అందుకే పన్నెండేళ్లకు, 1986లో, రద్దు చేశారు. అదే ఊపులో గ్రేటర్ లండన్ కౌన్సిల్ కూడా పోయింది. దాని తప్పేమీ చిన్నది కాదు లెండి. థేమ్స్ నదికి అటు పార్లమెంటు, ఇటు కౌన్సిల్ భవనం. ఆ భవనం మీద లండన్‌లో ఎంతమందికి ఉద్యోగాలు లేవో పెద్ద బోర్డు కట్టి, మంత్రులు తలెత్తితే కనబడేలా పెట్టింది. ఒక్క బోర్డు కోసం గొడవెందుకనుకున్నారో ఏమో, మొత్తం కౌన్సిల్‌నే తీసేశారు. ఇప్పుడా భవనంలో హోటళ్లు, ఒక అక్వేరియం ఉన్నాయి. చేపలు ఎవరి లెక్కలూ రాసి పెట్టవు.

తర్వాత 1999లో ప్రాంతీయ అభివృద్ధి సంస్థలు పుట్టాయి, 2012కల్లా పోయాయి. వాటి స్థానంలో స్థానిక వ్యాపార భాగస్వామ్యాలంటూ ఇంకేవో పెట్టారు, 2024లో వాటికీ డబ్బులు ఆపేశారు. బోర్డులు రాసే పెయింటర్లకు ఇంత స్థిరమైన ఉపాధి కల్పించిన పథకం ఇంకోటి లేదు.

ప్రజాభిప్రాయం పట్ల వైట్‌హాల్‌కు, అంటే లండన్‌లోని కేంద్ర ప్రభుత్వ యంత్రాంగానికి, ఉన్న గౌరవం గురించి కూడా చెప్పుకోవాలి. 2004లో ఈశాన్య ఇంగ్లండ్ ప్రజలను మీకొక ప్రాంతీయ అసెంబ్లీ కావాలా అని అడిగితే దాదాపు 78 శాతం మంది వద్దన్నారు. వద్దనేవాళ్లు గాలి నింపిన తెల్ల ఏనుగు బొమ్మను ఊరూరా తిప్పారు, జనానికి విషయం చక్కగా అర్థమైంది. ఇవ్వబోయే అసెంబ్లీకి చెప్పుకోదగ్గ అధికారాలేమీ లేవు మరి. 2012లో పది నగరాలను మేయర్ కావాలా అని అడిగితే తొమ్మిది వద్దన్నాయి, మాంచెస్టర్ కూడా. కావాలన్నది బ్రిస్టల్ ఒక్కటే, పదేళ్లకు అది కూడా మళ్లీ ఓటేసి మాకొద్దు బాబోయ్ అంది. ఈ అనుభవంతో ప్రభుత్వం గొప్ప పాఠం నేర్చుకుంది: అడగకూడదు. 2014లో గ్రేటర్ మాంచెస్టర్‌కు మేయర్‌ను ఖాయం చేసేటప్పుడు ఓటూ లేదు, ఏనుగూ లేదు, ఆర్థిక మంత్రి, కౌన్సిల్ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. అప్పుడడిగింది ఒక్క నగరం మేయర్ గురించి, ఇది పది కౌన్సిళ్లకు కలిపి మేయర్, రెండూ వేరని అధికారులు చెబుతారు. నిజమే, వేరే.

న్యూకాజిల్ వైపు కథ ఇంకా బాగుంటుంది. 2014లో అక్కడ ఏడు కౌన్సిళ్లు ఒక కంబైన్డ్ అథారిటీగా, అంటే ఉమ్మడి పాలక సంస్థగా, కలిశాయి. మేయర్ ఒప్పందం దగ్గర తగాదా వచ్చింది, టైన్ నదికి దక్షిణాన ఉన్న నాలుగూ ఒప్పుకోలేదు. దాంతో 2018లో ఉత్తరాన ఉన్న మూడూ వేరు కాపురం పెట్టి, 2019లో ఒక మేయర్‌ను కూడా ఎన్నుకున్నాయి. నదిని మధ్యలో పెట్టుకుని రెండు అథారిటీలు, నది మీద వంతెనలు మాత్రం అవే, వాటి మీద రోజూ అటూ ఇటూ తిరిగే జనమూ వాళ్లే. 2024లో ఏడూ మళ్లీ కలిశాయి. పదేళ్లు తిరిగి మొదలెట్టిన చోటికే రావడాన్ని కొందరు వృథా అంటారు, నేను మాత్రం ప్రాంతీయ సంప్రదింపులు అంటాను.

ఇక డబ్బు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు, ఇక్కడ పూజారి పేరు ట్రెజరీ, అంటే ఆర్థిక శాఖ. మేయర్‌కు దార్శనికత ఉండాలంటారు, ప్రణాళిక రాయమంటారు, తీరా పైసలు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. పొరుగు కౌన్సిల్ కూడా అదే నిధికి దరఖాస్తు పెడుతుంది, ఇద్దరూ కన్సల్టెంట్లకు ఫీజులు కట్టి రంగురంగుల పుస్తకాలు వేయిస్తారు, లండన్‌లో ఎవరో వాటికి మార్కులు వేస్తారు. ఫుట్‌పాత్ మీద అతుక్కున్న చూయింగ్ గమ్ గీకించడానికి కూడా విడిగా ఒక గ్రాంటు, దానికి విడిగా దరఖాస్తు! ఈ పద్ధతి భిక్షాపాత్ర సంస్కృతిలా ఉందని 2023లో విసుక్కున్నది ప్రతిపక్షం కాదు, అధికార కన్సర్వేటివ్ పార్టీకే చెందిన వెస్ట్ మిడ్‌లాండ్స్ మేయర్ ఆండీ స్ట్రీట్. పాపం, చిప్ప పట్టుకోవడానికి కూడా నిబంధనలున్నాయని ఆయన మరిచిపోయినట్టున్నారు.

సొంతంగా పన్నులు వేసుకోవచ్చుగా అంటారా? ఉందిగా ఇళ్ల మీద వేసే కౌన్సిల్ టాక్స్. ఇంగ్లండ్‌లో ఇళ్లను ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి విలువల ప్రకారమే పన్ను బ్యాండ్లుగా విడగొడతారు. ఆ తర్వాత కట్టిన ఇంటికి కూడా 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదో ఊహించి బ్యాండు ఇస్తారు. ఇంత సృజనాత్మకత ఉన్న పన్ను చేతిలో ఉండగా ఇంకేం కావాలి?

నగరానికీ కేంద్రానికీ ఉన్న ఆత్మీయ బంధం చూడాలంటే 2020 అక్టోబరు గుర్తు చేసుకోండి. కోవిడ్ ఆంక్షలు కఠినం చేస్తాం అంది ప్రభుత్వం, మూతబడే వ్యాపారాలకూ కూలి కోల్పోయేవాళ్లకూ ఆరున్నర కోట్ల పౌండ్లైనా ఇవ్వండి అన్నారు గ్రేటర్ మాంచెస్టర్ మేయర్ ఆండీ బర్న్‌హామ్, ఆరు కోట్లు దాటదంది ప్రభుత్వం. అరకోటి దగ్గర బేరం తెగింది. ఆయన బయట మైకుల ముందు మాట్లాడుతుంటే పక్కనున్నవాళ్లు ఫోన్ తెరిచి చూపించారు: వచ్చేది 2 కోట్ల 20 లక్షలేనట. ఎంపీలకు ముందే తెలిసింది, మేయర్‌కు మాత్రం కెమెరాల ముందు, ఇంకొకరి ఫోన్‌లో. (ఆ ఆరు కోట్లు తర్వాత ఇస్తామన్నారు లెండి, కానీ అప్పటికి వినోదం అయిపోయింది.)

అయితే నిజాయితీగా ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. అధికారం నిజంగానే చేతికొస్తే ఈ మేయర్లు పనులు చేసేస్తున్నారు! 1986లో లండన్‌ను వదిలేసి మిగతా ఇంగ్లండ్ అంతటా బస్సుల మీద నియంత్రణ ఎత్తేశారు, ఏ కంపెనీ ఏ రూటులో తిప్పాలో, ఎంత వసూలు చేయాలో దాని ఇష్టం. 2017లో చట్టం మారాక గ్రేటర్ మాంచెస్టర్ రూట్లూ ఛార్జీలూ తన చేతిలోకి తీసుకుంటానంది. బస్సు కంపెనీలు కోర్టుకెళ్లాయి, ఓడిపోయాయి. 2023 సెప్టెంబరులో మొదలుపెట్టి 2025 జనవరికల్లా పది కౌన్సిళ్ల పరిధిలోనూ పసుపు రంగు బస్సులు తిరగసాగాయి. ఒకే రంగు, ఒకే వ్యవస్థ, బస్సు రాకపోతే ఎవర్ని తిట్టాలో జనానికి తెలుసు. ఇలాంటివి నాలుగు జరిగితే వైట్‌హాల్ గతేం కాను?

అదృష్టవశాత్తూ ప్రభుత్వం మెలకువగానే ఉంది. 2024 డిసెంబరు శ్వేతపత్రం ప్రకారం ఇంగ్లండ్ మొత్తానికీ అధికారాలు దగ్గరగా తెస్తారు. అందుకు తొలి మెట్టుగా, జనానికి బాగా దగ్గరగా ఉన్న చిన్న డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లను రద్దు చేసి, సుమారు 5 లక్షల జనాభాకు ఒకటి చొప్పున పెద్ద కౌన్సిళ్లు కడతారు. ఆ హడావుడిలో 2025 మేలో జరగాల్సిన ఎన్నికలను తొమ్మిది ప్రాంతాల్లో ఏడాది వాయిదా వేశారు. ప్రజలకు అధికారం అప్పగించే పని మధ్యలో వాళ్లొచ్చి ఓట్లేస్తామంటే డిస్టర్బెన్స్ కాదూ?

ఇంగ్లండ్ ఉత్తరాదికి లండన్ ప్రేమ అందలేదనేవాళ్లకు చివరగా ఒక్క సంగతి. 2023 అక్టోబరులో ప్రధాని రిషి సునాక్ స్వయంగా మాంచెస్టర్ వచ్చి, బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్‌కు రావాల్సిన హైస్పీడ్ రైలు మార్గం రద్దని ప్రకటించారు. పార్టీ మహాసభ జరిగిన ఆ హాలు ఒకప్పుడు రైల్వేస్టేషనే, 1969లో మూసేశారు. మిగిలిన డబ్బుతో నెట్‌వర్క్ నార్త్ అని కొత్త ప్రణాళిక వేశారు. అందులోంచి 23.5 కోట్ల పౌండ్లు రోడ్ల గుంతలు పూడ్చడానికి కేటాయించారు, లండన్‌లో.