మొగుడూ పెళ్ళాల మధ్య మూడోవాడు ఎందుకంటారా?

"మొగుడూ పెళ్ళాల గొడవలో మూడోవాడు తలదూర్చకూడదు, తాగుడు మానిపిస్తే కొట్టుడు దానంతటదే పోతుంది, అయినా మగాళ్ళకి క్లాసులు పీకితే మారతారా" అని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. పెట్టిన ముగ్గురూ మగాళ్ళే. నేనూ మగాణ్ణే కాబట్టి చెబుతున్నా.

ముందు తాగుడు సంగతి. సంబంధం లేదని ఎవరన్నారు, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తొంభైల్లో సారా మీద ఊరికే లేవలేదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అసలు తాగని భర్తల భార్యల్లో కూడా నూటికి 20 మందికి పైగా హింస పడ్డామనే చెప్పారు. పైగా అంత ఒళ్ళు తెలీని మత్తులో ఉన్నవాడు బెల్టుషాపు వాణ్ణి కొట్టడేం, ఎస్సైని కొట్టడేం? ఎవర్ని కొడితే ఊరుకుంటారో మాత్రం వాడికి బాగా గుర్తుంటుంది.

"ఆడవాళ్ళే తప్పు లేదంటున్నారుగా" అని కింద ఇంకో ముక్క. నిజమే, అదే సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నూటికి 80 మందికి పైగా ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టొచ్చన్నారు, అడిగిన కారణాల్లో వంట సరిగ్గా చేయకపోవడం కూడా ఉంది. అమ్మ తన్నులు తినడం చూస్తూ పెరిగిన పిల్ల ఇంకేం చెబుతుంది? దాన్ని పర్మిషన్ కింద రాసుకోకండి.

ఇక మూడోవాడు. 2005 గృహహింస చట్టం నాలుగో సెక్షన్ చూడండి: హింస జరుగుతోందని నమ్మే ఎవరైనా, ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టే రక్షణ అధికారికి చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెబితే ఆ మనిషి మీద ఏ కేసూ ఉండదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. 2008లో 'బెల్ బజావో' అని టీవీలో యాడ్స్ వచ్చేవి, పక్కింటి మగాడు వెళ్ళి బెల్లు కొట్టడమే, అంతే.

క్లాసులకి మారరన్న మాట మాత్రం ఒప్పుకుంటా. టీకొట్టు దగ్గర "నిన్న రెండు తగిలించా" అని ఒకడంటే నవ్వేది మనమే, ఆ నవ్వు ఆగితే వాడికి ఎక్కినంతగా ఏ క్లాసూ ఎక్కదు.

ఒకసారి రాత్రి పదకొండుకి మా పై ఫ్లోర్‌లో గిన్నెలు విసిరిన చప్పుడు, ఆమె ఏడుపు. పక్క పోర్షన్ పెద్దాయన లుంగీ ఎగ్గట్టుకుని పైకెళ్ళి బెల్లు కొట్టి, "మోటార్ మీరేమైనా వేశారా బాబూ, ట్యాంకు పొర్లుతోంది" అన్నాడు. ట్యాంకేం పొర్లట్లేదు. ఆ రాత్రికి చప్పుడు ఆగింది. మర్నాడు వాణ్ణి టీకి పిలిచి "అందరికీ వినపడుతోంది నాయనా" అన్నాడట.

అప్పుడు నేనేం చేశానంటారా? టీవీ సౌండు పెంచుకుని కూర్చున్నా.